బ్యాటరీ లైటు వెలిగితే ముందు బ్యాటరీ మార్చకండి

నమస్కారం. ఇవాళ డ్యాష్‌బోర్డు మీద ఉండే ఒకే ఒక్క లైటు గురించి మాట్లాడుకుందాం. చిన్న పెట్టె బొమ్మ, పైన రెండు టర్మినళ్లు, లోపల ప్లస్, మైనస్ గుర్తులు. ఎర్రగా వెలుగుతుంది. బొమ్మ బ్యాటరీది కాబట్టి బ్యాటరీ పోయిందనే అందరూ అనుకుంటారు. కొత్తది వేయిస్తారు. కొత్త బ్యాటరీ నిండుగా ఉంటుంది గనక ఒకరోజో రెండు రోజులో బండి బాగానే తిరుగుతుంది. దాంట్లో ఉన్నది అయిపోగానే మళ్లీ నడిరోడ్డు మీద ఆగుతుంది. డబ్బు పోయింది, లోపం అలాగే ఉంది. ఈ ఒక్క పొరపాటు తప్పించగలిగినా ఇవాళ్టి గంట వృథా కాదు.

ఆ లైటు చెప్పేది బ్యాటరీ ఆరోగ్యం గురించి కాదు. ఇంజిన్ తిరుగుతున్నా బ్యాటరీకి ఛార్జింగ్ అందడం లేదని చెబుతోంది. ఛార్జింగ్ ఇచ్చేది ఆల్టర్నేటర్. మెకానిక్‌లు చాలామంది ఇప్పటికీ దాన్ని డైనమో అనే పిలుస్తారు. ఇంజిన్ ముందు భాగంలో బెల్టుతో తిరుగుతుంది. దాని పుల్లీ (బెల్టు పట్టే చక్రం) చిన్నది, ఇంజిన్ వైపున్న క్రాంక్ పుల్లీ పెద్దది. అందుకని ఇంజిన్ ఒకసారి తిరిగితే ఇది రెండున్నర నుంచి మూడుసార్లు తిరుగుతుంది. లోపల తిరిగే రోటర్ ఒక విద్యుదయస్కాంతం. దానికి కరెంటు రెండు కార్బన్ బ్రష్‌ల ద్వారా అందుతుంది. చుట్టూ ఉన్న స్టేటర్ చుట్లలో మూడు ఫేజుల కరెంటు పుడుతుంది. కరెంటుని ఒకవైపే పోనిచ్చే ఆరు డయోడ్లు దాన్ని బ్యాటరీకి పనికొచ్చే డీసీగా మారుస్తాయి. రోటర్‌కి ఎంత కరెంటు పంపాలో రెగ్యులేటర్ చూసుకుంటుంది. బెల్టు, బ్రష్‌లు, డయోడ్లు, రెగ్యులేటర్, వాటి మధ్య వైర్లు. లైటు వెలిగితే అనుమానించాల్సింది వీటిని.

లైటు ఎలా వెలుగుతుందో కొంచెం వివరంగా చెబుతాను. ఇది తెలిస్తే సగం నిర్ధారణ మీరే చేసుకోగలరు. పాత తరహా సర్క్యూట్‌లో ఆ బల్బుకి ఒక కొస ఇగ్నిషన్ స్విచ్ నుంచి వస్తుంది, రెండో కొస ఆల్టర్నేటర్ మీద ఈ లైటు కోసం ఉండే ఎల్ టర్మినల్‌కి వెళుతుంది. కీ ఆన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేయకముందు ఒక వైపు 12 వోల్టులుంటాయి. రెండో వైపు రోటర్ చుట్ల గుండా ఎర్త్ ఉంటుంది. బల్బు వెలుగుతుంది. ఆ బల్బు గుండా పోయే కొద్దిపాటి కరెంటే రోటర్‌ని మొదట అయస్కాంతంగా మారుస్తుంది. ఇంజిన్ స్టార్ట్ అయ్యాక ఆల్టర్నేటర్ సొంతంగా 14 వోల్టులు ఇస్తుంది. బల్బుకి రెండు వైపులా ఒకే వోల్టేజి కాబట్టి ఆరిపోతుంది. అంటే ఆ బల్బు రెండు కొసల మధ్య తేడాని చూపిస్తోంది. తేడా పెద్దదైతే ప్రకాశంగా, చిన్నదైతే మసకగా వెలుగుతుంది.

దీన్నిబట్టి రెండు విషయాలు తెలుస్తాయి. ఒకటి, కీ ఆన్ చేసినప్పుడు ఆ లైటు వెలిగి తీరాలి. వెలగకపోతే బల్బో, ఫ్యూజో, ఆల్టర్నేటర్ వెనకాల చిన్న ప్లగ్గో పోయిందన్నమాట. పాత సర్క్యూట్లలో బల్బు మాడిపోతే రోటర్‌కి ఆ తొలి కరెంటు అందదు. ఇంజిన్‌ని బాగా రేజ్ చేసేదాకా ఛార్జింగే మొదలవకపోవచ్చు. రెండు, లైటు ఆరి ఉన్నంత మాత్రాన అంతా బాగుందని కాదు. ఆరు డయోడ్లలో ఒకటి పోయినా లైటు వెలగకపోవచ్చు. బ్యాటరీ ప్లేట్లు సల్ఫేట్ పట్టి సామర్థ్యం సగానికి పడిపోయినా ఈ లైటుకి తెలియదు. ఉదయం సెల్ఫ్ టక్ టక్ మంటూ తిరగకపోవడం ఒక రకం సమస్య, నడుస్తున్న బండిలో లైటు వెలగడం ఇంకో రకం. మొదటిదానిలో బ్యాటరీనో స్టార్టర్‌నో చూడాలి. రెండోదానిలో ఆల్టర్నేటర్ వైపు చూడాలి.

కొత్త బళ్లలో లైటుని ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, వెలిగిస్తుంది. ఆల్టర్నేటర్‌తో డేటా వైరు మీద మాట్లాడి, అవసరాన్ని బట్టి వోల్టేజిని పెంచుతుంది, తగ్గిస్తుంది. పద్ధతి మారింది గానీ లైటు అర్థం మారలేదు.

ఇక రోడ్డు మీదకి వద్దాం. బండి నడుపుతుంటే లైటు వెలిగింది. మొదట పక్కనున్న రెండింటిని చూడండి. ఇంజిన్ ఉష్ణోగ్రత సూచిక ఎక్కడుంది? స్టీరింగ్ ఒక్కసారిగా బరువెక్కిందా? చాలా ఇంజిన్లలో ఆల్టర్నేటర్‌ని తిప్పే బెల్టే వాటర్ పంపుని కూడా తిప్పుతుంది. హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ ఉంటే దాని పంపునీ అదే తిప్పుతుంది. బెల్టు తెగితే అన్నీ కలిసి ఆగుతాయి. అప్పుడు ఇంజిన్ కొన్ని నిమిషాల్లోనే వేడెక్కిపోతుంది. సిలిండర్ హెడ్ గాస్కెట్ పోవడం, హెడ్ వంకరపోవడం దాని ఫలితం. కాబట్టి బ్యాటరీ లైటుతో పాటు ఉష్ణోగ్రత పెరుగుతున్నా, స్టీరింగ్ బిగుసుకున్నా, బానెట్ కింద టపటపా కొట్టుకునే చప్పుడు వచ్చినా సురక్షితంగా పక్కకి తీసి ఇంజిన్ ఆపేయండి. కొన్ని డీజిల్ ఇంజిన్లలో బ్రేకులకి వాక్యూమ్ ఇచ్చే పంపు ఆల్టర్నేటర్ షాఫ్టు మీదే ఉంటుంది. అలాంటి బండిలో బెల్టు తెగితే నాలుగైదుసార్లు నొక్కేసరికి బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడుతుంది. అప్పుడు పెడల్‌ని పంపు కొట్టినట్టు పదేపదే నొక్కకుండా, ఒకేసారి గట్టిగా అదిమి పట్టి బండి ఆపాలి. మరికొన్ని ఇంజిన్లలో తెగిన బెల్టు పీలికలు క్రాంక్ పుల్లీ వెనక్కి చుట్టుకుని, వాల్వులు సమయానికి తెరుచుకునేలా చూసే టైమింగ్ బెల్టులోకి దూరతాయి. ఆ నష్టం ఇంజిన్‌కే ఎసరు పెడుతుంది. బెల్టు తెగిందని అనుమానం ఉంటే ఇంకొక్క కిలోమీటరు పోదామనుకోవద్దు.

ఉష్ణోగ్రత మామూలుగా ఉంది, స్టీరింగ్ మామూలుగా ఉంది, లైటు మాత్రమే వెలుగుతోంది. అప్పుడు మీ దగ్గర కొంత సమయం ఉంది. ఎంత? లెక్క వేద్దాం. పై ట్యాంకుకి నీళ్లెక్కించే మోటారు ఆగిపోయింది, కింద కుళాయిలు మాత్రం తెరిచి ఉన్నాయి అనుకోండి. ట్యాంకు మీ బ్యాటరీ. చిన్న కారులో 35 నుంచి 45 యాంపియర్ అవర్లు (ఒక యాంపియర్ చొప్పున అన్ని గంటలు ఇవ్వగల కరెంటు), పెద్దదానిలో 60, 70 ఉంటుంది. 45 అనుకుందాం. అదంతా మనకి దక్కదు. వోల్టేజి బాగా పడిపోతే ఇంజినే ఆగుతుంది కాబట్టి సగమే వాడుకోగలమని లెక్కేసుకోవాలి. అంటే 22 యాంపియర్ అవర్లు. ఇంజిన్ నడవడానికి ఫ్యూయల్ పంపు, ఇంజెక్టర్లు, ఇగ్నిషన్ కాయిల్స్, ఈసీయూ అన్నీ కలిపి 10 నుంచి 15 యాంపియర్లు తీసుకుంటాయి. పగటిపూట ఇంకేమీ వాడకపోతే గంటన్నర దాకా రావచ్చు. రాత్రయితే 55 వాట్ల హాలోజెన్ హెడ్‌లైట్లు రెండు, వెనక లైట్లు కలిపి ఇంకో 10, 12 యాంపియర్లు. బ్లోయర్ పూర్తి వేగంలో 15 దాకా. రేడియేటర్ ఫ్యాన్ తిరిగినప్పుడల్లా మరో 15, అంతకంటే ఎక్కువ కూడా. వైపర్లకి 5. అన్నీ కలిస్తే 55, 60 యాంపియర్లు. ఆ లెక్కన 20, 25 నిమిషాలే. ఇదంతా మంచి బ్యాటరీ సంగతి. మూడు నాలుగేళ్లు వాడినదైతే ఇందులో సగం కూడా నమ్మొద్దు. మధ్యాహ్నం ఇంటికి చేర్చిన బండి అదే దూరం వానరాత్రి చేర్చకపోవచ్చు.

కాబట్టి లైటు వెలగ్గానే ఏసీ ఆపండి. ఏసీ ఆపితే కంప్రెసర్ క్లచ్, బ్లోయర్, ఫ్యాన్ భారం ఒకేసారి తగ్గుతుంది. వెనక అద్దం హీటర్, సీటు హీటర్లు, ఫోన్ ఛార్జర్లు, పాటలు అన్నీ ఆపండి. రాత్రయితే హెడ్‌లైట్లు మాత్రం ఆపొద్దు. కరెంటు ఆదా చేయాలని చీకట్లో లైట్లు లేకుండా నడపడం ప్రాణాపాయం. దానికన్నా దగ్గరలో వెలుతురున్న చోట ఆపుకోవడం మేలు. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ నిలిచి ఉన్న బండిలో చక్రం తిప్పినప్పుడు క్షణకాలం పదుల యాంపియర్లు లాగుతుంది. ఇరుకు చోట ముందుకీ వెనక్కీ తిప్పుతూ పార్కింగ్ చేసే పని పెట్టుకోకండి.

అన్నిటికన్నా ముఖ్యం, చేరాల్సిన చోటికి చేరేదాకా ఇంజిన్ ఆపకండి. ఆపితే మళ్లీ సెల్ఫ్ తిరగడానికి వంద యాంపియర్ల పైమాటే కావాలి. అది మీ బ్యాటరీలో మిగలకపోవచ్చు. పెట్రోలు పోయించుకోవడానికో, టీ తాగడానికో ఆగొద్దు. సిగ్నల్ దగ్గర దానంతట అదే ఇంజిన్ ఆపే స్టార్ట్-స్టాప్ ఉంటే దాని స్విచ్ నొక్కి పనిచేయకుండా చేయండి. చాలామంది ఇదొక్కటి మర్చిపోతారు.

దారిలో వోల్టేజి పడిపోతుంటే బండే చెబుతుంది. మొదట మీటర్ లైట్లు మసకబారతాయి, వైపర్లు నెమ్మదిస్తాయి. ఆ తర్వాత ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, స్టీరింగ్ హెచ్చరికలు ఒకదాని వెనక ఒకటి వెలుగుతాయి. ఇన్ని పార్టులు ఒకేసారి పాడైపోలేదు. వాటికి చాలినంత వోల్టేజి అందడం లేదు, అంతే. 10, 11 వోల్టులకి వచ్చేసరికి ఎలక్ట్రిక్ స్టీరింగ్ సాయం మానేస్తుంది. ఇంజిన్ మిస్ కొడుతుంది. ఈ దశ మొదలైతే ఇంకా నడిపించాలని చూడకుండా, బండి తన వేగంతో పోతుండగానే రోడ్డు అంచుకి తీసేయండి. ఆగిపోయాక తొయ్యడం కన్నా ఇది చాలా నయం.

ఇప్పుడు బానెట్ తెరుద్దాం. ఇంజిన్ ఆపి, కీ తీసి జేబులో పెట్టుకున్నాకే బెల్టు దగ్గర చెయ్యి పెట్టాలి. బెల్టు ఉందా? ఉంటే పక్కల పీలికలు లేచాయా, గాడులున్న వైపు అద్దంలా మెరుస్తోందా, నూనె గానీ కూలెంట్ గానీ అంటిందా చూడండి. పాత రబ్బరు బెల్టులు పగుళ్లు ఇస్తాయి. ఇప్పటి ఈపీడీఎం (ఒక రకం సింథటిక్ రబ్బరు) బెల్టులు చాలావరకు పగలవు, టైరులాగా అరుగుతాయి. పైకి కొత్తదానిలా కనిపిస్తూనే గాడులు లోతెక్కి జారుతుంటాయి. పగుళ్లు లేవు కాబట్టి బాగుందనుకోవద్దు. బెల్టు రకాన్ని బట్టి 60,000 నుంచి 1,00,000 కిలోమీటర్ల మధ్య మార్చమని కంపెనీలు చెబుతాయి. మీ బండి పుస్తకంలో ఉన్న అంకె చూసుకోండి.

బెల్టు అరుస్తుంటే ఒక చిన్న పరీక్ష ఉంది. ఇంజిన్ నడుస్తుండగా, చేతులూ బట్టలూ దూరంగా పెట్టుకుని, స్ప్రే సీసాతో గాడులున్న వైపు కాసిని నీళ్లు చల్లండి. చప్పుడు కాసేపు ఆగి మళ్లీ వస్తే పుల్లీలు ఒకే వరుసలో లేవు. చప్పుడు ఇంకా పెరిగితే బెల్టు వదులుగా ఉంది, దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ స్ప్రింగు బలహీనపడి ఉండొచ్చు. బెల్టు మీద కొట్టే జిగురు స్ప్రేలు మాత్రం వాడొద్దు. చప్పుడు దాస్తాయి, దుమ్ము పట్టిస్తాయి, జారడాన్ని ఆపవు. వానాకాలంలో నీటి గుంట దాటగానే లైటు మినుకుమని ఆరిపోవడం కూడా తడిసిన బెల్టు జారడమే. బెల్టు, టెన్షనర్ బాగుంటే అది జరగకూడదు.

తర్వాత టర్మినళ్లు. బ్యాటరీ క్లాంపుని చేత్తో పట్టుకుని తిప్పండి. కదిలిందంటే అదే లోపం కావచ్చు. తెల్లగా, పచ్చగా పొడి పట్టి ఉంటే శుభ్రం చేయాలి. కళ్లజోడు, చేతి తొడుగులు వేసుకోండి. పదో నంబరు స్పానర్‌తో ముందు మైనస్ ఊడదీయాలి, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. ఈ వరుస ఎందుకంటే బాడీ అంతా మైనస్సే. మైనస్ ఊడదీయకుండా ప్లస్ విప్పుతుంటే స్పానర్ బాడీకి తగిలి షార్టవుతుంది. గ్లాసుడు నీళ్లలో ఒక పెద్ద చెంచా వంటసోడా కలిపి పాత బ్రష్‌తో రుద్దండి. నురగ ఆగాక మంచినీళ్లతో కడిగి తుడవండి. బ్యాటరీ మూతల్లోంచి సోడానీళ్లు లోపలికి పోకూడదు. బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పూయాలి. బిగించకముందే లోపల పూయొద్దు, లోహం లోహాన్ని తాకాలి.

ఇక వోల్టులు కొలిచే మల్టీమీటర్. ఈ లైటు విషయంలో ఇంతకన్నా విలువైన పనిముట్టు లేదు. కారున్న ప్రతి ఇంట్లో ఒకటి ఉండాలని నా గట్టి అభిప్రాయం. డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టి, ఎర్ర ప్రోబు బ్యాటరీ ప్లస్ సీసపు కొమ్ము మీద, నల్లది మైనస్ కొమ్ము మీద పెట్టండి. క్లాంపు మీద కాదు, కొమ్ము మీదే. బండి కొన్ని గంటలు నిలిచి ఉన్నప్పుడు 12.6 ఉంటే నిండుగా ఉంది. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12 కి దిగితే పావు. అప్పుడే బండి ఆపి ఉంటే హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వెలిగించి, ఆపి, ఐదు నిమిషాలాగి చూడండి. లేకపోతే పైపై ఛార్జి వల్ల అంకె ఎక్కువ చూపిస్తుంది. సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6 కన్నా కిందకి పోకూడదు. పోతే బ్యాటరీని అనుమానించండి, అయితే ముందు దాన్ని పూర్తిగా ఛార్జి చేసి మళ్లీ చూసిన తర్వాతే.

అసలు పరీక్ష ఇంజిన్ నడుస్తున్నప్పుడు. 13.8 నుంచి 14.7 మధ్య రావాలి. ఇంజిన్ నడుస్తున్నా 12.3, 12.1 అంటూ నెమ్మదిగా దిగుతుంటే ఛార్జింగ్ లేదు, లైటు నిజమే చెబుతోంది. 14.2 నిలకడగా వస్తూ లైటు కూడా వెలుగుతోందనుకోండి. అప్పుడు ఆల్టర్నేటర్ మార్చడానికి తొందరపడొద్దు. ఎల్ వైరు ఎక్కడో ఒరిసి బాడీకి తగులుతుండొచ్చు, రెగ్యులేటర్‌లో లైటుకి సంబంధించిన భాగం పోయి ఉండొచ్చు. 15 దాటితే రెగ్యులేటర్ అదుపు తప్పింది. బ్యాటరీ ఉడుకుతుంది, ఉబ్బుతుంది, కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఆ వాసన వస్తే కిటికీలు తెరిచి, బండి ఆపి, దూరంగా నిలబడండి. బ్యాటరీ దగ్గర నిప్పు, స్పానర్, జంపర్ కేబుల్ (వేరే బండి బ్యాటరీ నుంచి కరెంటు తీసుకునే వైరు) ఏదీ వద్దు. వెలువడే వాయువు అంటుకుంటుంది.

కొత్త బళ్లలో ఒక మెలిక ఉంది. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఇంధనం ఆదా కోసం ఈసీయూ కావాలనే వోల్టేజిని 13 కన్నా కిందికి కూడా దించుతుంది. బండి వేగం తగ్గేటప్పుడు 15 దగ్గరికి ఎక్కిస్తుంది. ఆ సంగతి తెలియకపోతే మంచి ఆల్టర్నేటర్‌ని చెడ్డదంటాం. కాబట్టి చూసేముందు హెడ్‌లైట్లు, బ్లోయర్, వెనక అద్దం హీటర్ వేసి, ఇంజిన్‌ని 1,500 నుంచి 2,000 ఆర్పీఎం దగ్గర ఉంచండి. చాలా బళ్లు అప్పుడు 14 దరిదాపులకి వస్తాయి. ఇంత భారం మీద 13.2 కన్నా దిగిందంటే ఆల్టర్నేటర్ గానీ బెల్టు గానీ వైరింగ్ గానీ బలహీనం.

ఇదే భారంతో మీటర్‌ని ఆల్టర్నేటింగ్ కరెంటు వోల్టేజి వైపు తిప్పి బ్యాటరీ మీదే పెట్టండి. మంచి డయోడ్లుంటే 0.1 వోల్టు దగ్గర్లో ఉంటుంది. 0.5 దాటితే డయోడు పోయింది. డయోడు లోపల తెగిపోతే ఉత్పత్తి తగ్గుతుంది. షార్టయితే రాత్రంతా బ్యాటరీని ఖాళీ చేస్తుంది. బండి చల్లారిన చాలా గంటల తర్వాత కూడా ఆల్టర్నేటర్ ఒళ్లు గోరువెచ్చగా తగులుతుంటే అనుమానం అక్కడే.

వైర్ల పరీక్షని చాలా వర్క్‌షాపుల్లో చేయరు. చేస్తే ఎన్నో ఆల్టర్నేటర్లు అనవసరంగా మారకుండా ఉండేవి. ఇంజిన్ నడుస్తూ, లోడ్లన్నీ వేసి ఉండగా, ఒక ప్రోబు ఆల్టర్నేటర్ వెనక లావు బోల్టు మీద, రెండోది బ్యాటరీ ప్లస్ మీద పెట్టండి. 0.3 వోల్టుకన్నా ఎక్కువ తేడా రాకూడదు. తర్వాత ఆల్టర్నేటర్ బాడీ మీద ఒకటి, బ్యాటరీ మైనస్ మీద ఒకటి. 0.2 దాటకూడదు. దాటితే ఎర్త్ వైరు తుప్పు పట్టింది. పది నిమిషాలు గీకి బిగిస్తే పోయే లోపం అది. ఆ లావు బోల్టుకీ బ్యాటరీకీ మధ్య ఒక పెద్ద ఫ్యూజు ఉంటుంది, సాధారణంగా బ్యాటరీ ప్లస్ మీదున్న పెట్టెలో. 80 నుంచి 140 యాంపియర్లది. జంపర్ కేబుల్ ప్లస్, మైనస్ తారుమారుగా పెట్టినప్పుడు ఎగిరిపోయేది ఇదే. లావు బోల్టు దగ్గర 14 దాటి ఉండి, బ్యాటరీ దగ్గర 12 మాత్రమే ఉంటే ఫ్యూజు చూడండి. ఆ బోల్టులో ఇంజిన్ ఆపినా కరెంటుంటుందని మర్చిపోవద్దు. ఆల్టర్నేటర్ విప్పే ముందు బ్యాటరీ మైనస్ తీసి తీరాలి.

ఆల్టర్నేటర్ పోయిందని తేలినా మొత్తం మార్చాలనేం లేదు. లైటు మొదట వేడెక్కినప్పుడో గుంతల్లోనో మినుకుమని, వారాల తర్వాత పూర్తిగా వెలిగిందంటే ఎక్కువగా బ్రష్‌లు అరిగిపోయాయి. హోల్డర్ బయటికి 5 మిల్లీమీటర్లకన్నా తక్కువ మిగిలితే మార్చాలి. చాలా వాటిలో బ్రష్‌లు, రెగ్యులేటర్ ఒకే ముక్కగా వెనకనుంచి రెండు మూడు స్క్రూలతో వస్తాయి. మార్చేటప్పుడు రాగి స్లిప్ రింగులు లోతుగా గాడి పడ్డాయేమో చూడాలి. పడితే కొత్త బ్రష్‌లూ నిలవవు. గరగరమనే చప్పుడు బేరింగుది. పుల్లీ ఒకవైపే పట్టే రకమైతే, చేత్తో తిప్పినప్పుడు ఒక దిక్కులో రోటర్‌ని పట్టుకోవాలి, రెండో దిక్కులో వదిలేయాలి. రెండు దిక్కుల్లోనూ జారితే బెల్టు తిరుగుతున్నా రోటర్ తిరగదు, ఛార్జింగ్ రాదు. అప్పుడు పుల్లీ ఒక్కటి మారిస్తే చాలు. పైనుంచి ఇంజిన్ ఆయిల్ కారి ఆల్టర్నేటర్ మీద పడుతుంటే ముందు ఆ లీకు ఆపండి, లేకపోతే కొత్తదీ అదే దారి పడుతుంది.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మైనస్ తీసి, ఇంజిన్ ఆగకపోతే ఆల్టర్నేటర్ బాగున్నట్టేనని మెకానిక్ చేసి చూపించాడు. మనం చేయొచ్చా?

దయచేసి చేయకండి, ఎవరినీ చేయనివ్వకండి. ఛార్జి అవుతున్న బ్యాటరీని హఠాత్తుగా తప్పిస్తే ఆల్టర్నేటర్ వోల్టేజి క్షణంలో పదుల వోల్టులకి ఎగబాకుతుంది. అది ఈసీయూని, ఆల్టర్నేటర్ డయోడ్లనే కాల్చేయగలదు. కార్బురేటర్ల కాలంలో ఆ పరీక్ష ఎలాగో చెల్లింది. ఇప్పుడు మీటర్ పెడితే ఐదు సెకన్లలో తెలిసే విషయానికి అంత ప్రమాదం ఎందుకు?

ప్రశ్న: జంప్ ఇచ్చి స్టార్ట్ చేస్తే ఆల్టర్నేటర్ దానంతట అదే ఛార్జి చేసుకోదా?

ఆల్టర్నేటర్ బాగుండి, రాత్రి లైట్లు మర్చిపోవడం వల్ల బ్యాటరీ దిగితే జంప్ సరిపోతుంది. ఎర్ర కేబుల్ ముందు దిగిన బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కి, చివరి కొస దిగిన బండి ఇంజిన్ లోహానికి, బ్యాటరీకి దూరంగా. తీసేటప్పుడు దీనికి వ్యతిరేక వరుస. రెండు బళ్లూ ఒకదానికొకటి తగలకూడదు. కానీ అడుగంటిన బ్యాటరీని నింపడం ఆల్టర్నేటర్ పని కాదు. గంటలకొద్దీ పూర్తి భారం మీద నడిచి వేడెక్కి, డయోడ్లు పోగొట్టుకుంటుంది. ఛార్జర్ పెట్టి సామర్థ్యంలో పదోవంతు కరెంటుతో, అంటే 45 యాంపియర్ అవర్ల దానికి నాలుగున్నర యాంపియర్లతో, 10, 12 గంటలు నింపండి. లైటు వెలిగి ఆగిన బండికి జంప్ ఇస్తే అది వైద్యం కాదు. కేబుల్ తీశాక మిగిలిన కాస్త ఛార్జితో ఎంత పోగలిగితే అంతే.

ప్రశ్న: కొత్త బ్యాటరీ వేసిన మర్నాడే లైటు వెలిగింది.

క్లాంపు సరిగా బిగించారో లేదో మొదట చూడండి. మైనస్ క్లాంపు మీద చిన్న సెన్సార్, దానికి ప్లగ్గు ఉంటే అది ఊడి ఉండొచ్చు. పెద్ద ఫ్యూజు చూడండి, బ్యాటరీని తలకిందులు ధ్రువాలతో ఒక్క క్షణం తాకించినా పోతుంది. స్టార్ట్-స్టాప్ ఉన్న బండికి ఏజీఎం గానీ ఈఎఫ్‌బీ గానీ, అంటే మాటిమాటికీ స్టార్ట్ చేయడాన్ని తట్టుకునే రకం బ్యాటరీ, కావాలి, మామూలుది పెడితే తొందరగా పోతుంది. కొన్ని మోడళ్లలో కొత్త బ్యాటరీ పెట్టిన సంగతి స్కానర్‌తో నమోదు చేయాలి. ఇవన్నీ బాగుంటే పాత బ్యాటరీ నిర్దోషి, లోపం మొదటినుంచీ ఛార్జింగ్‌లోనే ఉంది.

ప్రశ్న: రెండు మూడు వారాలు కదపకపోతే బండి స్టార్ట్ కావడం లేదు. లైటు మాత్రం ఎప్పుడూ వెలగలేదు.

వెలగదు, ఎందుకంటే ఛార్జింగ్ బాగానే ఉంది. నిలిచి ఉన్న బండి కూడా అలారం, గడియారం, ఈసీయూల కోసం కొద్ది కరెంటు తాగుతుంది. 50 మిల్లీ యాంపియర్ల లోపు మామూలే. 45 యాంపియర్ అవర్ల బ్యాటరీని 50 మిల్లీ యాంపియర్లు 900 గంటల్లో, అంటే 37 రోజుల్లో ఖాళీ చేస్తాయి. సగం దిగేసరికే, అంటే 18, 19 రోజులకే, పాత బ్యాటరీ సెల్ఫ్ తిప్పలేదు. కాబట్టి మీ బండిలో లోపమే లేకపోవచ్చు. కొలవాలంటే మైనస్ తీగకి వరుసలో మీటర్‌ని 10 యాంపియర్ల రేంజిలో పెట్టి, తలుపులు మూసి, అన్ని మాడ్యూళ్లూ నిద్రలోకి పోయేదాకా అరగంట పైగా ఆగాలి. మీటర్ పెట్టి ఉండగా సెల్ఫ్ కొట్టకండి, మీటర్ ఫ్యూజు పోతుంది. 50 దాటి ఉంటే ఫ్యూజులు ఒక్కొక్కటీ తీస్తూ ఏది తీస్తే అంకె పడిపోతుందో చూడండి.

ప్రశ్న: ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో ఆల్టర్నేటర్ ఉండదు కదా, మరి ఆ లైటు?

చాలావాటిలో ఉండదు. అయినా 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది. లైట్లు, స్టీరింగ్, బ్రేకు కంట్రోళ్లు, పెద్ద బ్యాటరీని కలిపే రిలేలు అన్నీ దాని మీదే. దాన్ని ఛార్జి చేసేది డీసీ-డీసీ కన్వర్టర్. అది ఆగితే ఈ లైటు వెలుగుతుంది. పెద్ద బ్యాటరీలో 80 శాతం ఉందని చూపిస్తున్నా బండి ఆగిపోతుంది. పక్కకి తీసి సర్వీసు వాళ్లని పిలవండి. మల్టీమీటర్‌తో 12 వోల్టుల బ్యాటరీ వరకే చూడండి. ఆరెంజ్ రంగు తొడుగున్న కేబుళ్లలో వందల వోల్టులుంటాయి, వాటి జోలికి శిక్షణ లేనివాళ్లు పోకూడదు. ఈ బళ్లతో వేరే బండికి జంప్ ఇవ్వాలనుకుంటే బండి పుస్తకం ఒప్పుకుంటేనే ఇవ్వండి, చాలా కంపెనీలు వద్దంటాయి.

ప్రశ్న: వర్క్‌షాపులో ఏం చెప్పాలి?

లైటు ఎప్పుడు వెలిగింది, ఐడిల్‌లోనా వేగంలోనా, నిలకడగానా మినుకుమంటూనా, మసకగానా ప్రకాశంగానా, వానలోనా వేడిలోనా, ఆ సమయంలో ఏసీ, లైట్లు వేసి ఉన్నాయా. ఐడిల్‌లో వెలిగి రేజ్ చేయగానే ఆరితే బెల్టు, బ్రష్‌లు. నిలకడగా మసకగా ఉంటే డయోడ్లు, వైర్ల తేడా. మీరు తీసిన రీడింగులు నాలుగూ కాగితం మీద రాసివ్వండి. బండి ఆపి ఉన్నప్పుడు ఎంత, సెల్ఫ్ తిరిగేటప్పుడు ఎంత, ఐడిల్‌లో ఎంత, లోడ్లన్నీ వేసి 2,000 ఆర్పీఎంలో ఎంత. పని అయ్యాక అవే నాలుగూ మళ్లీ మీ ముందు తీసి చూపించమని అడగండి. ఏదైనా పార్టు మారిస్తే పాతది చేతికి తీసుకుని, బ్రష్ ఎంత మిగిలిందో, బెల్టు ఎక్కడ అరిగిందో చూసుకోండి.